నర్సమ్మ వెతికిన రెండు పాటలు

నర్సమ్మ పోయింది. ఆ కబురు నాకు మా ఊరి పైన సిగ్నల్ దొరికే రాయి మీద తెలిసింది. రాగి చేలో కలుపు తీసి, చేతుల మట్టి కూడా కడుక్కోకుండా ఫోను తెరిచాను. 'పాటల మామ మనుషులు' అని మాకో వాట్సాప్ గుంపు ఉంది. అందులో ఆవిడ మేనకోడలు రెండు ముక్కలు పెట్టింది: "అత్త ఈ పొద్దున వెళ్ళిపోయింది. మీకందరికీ నన్నే చెప్పమని ముందే అంది." దాని కింద ఎవరూ దండాల బొమ్మలు పెట్టలేదు. ఒక్కొక్కరు ఒక్కొక్క పాట పెట్టారు. మాలో ఎవరైనా పోతే అలా చెయ్యటం ఆనవాయితీ. అది పెట్టింది ఆవిడే.

నేను ఏ పాటా పెట్టలేకపోయాను. నేను పెట్టాల్సిన పాట నేనే చెరిపేశాను. ఆ సంగతి చెప్పటానికే ఇది రాస్తున్నాను.

తెలియనివాళ్ళకి ముందు పాటల మామ ఎవరో చెప్పాలి. జి.మాడుగుల దాటి పైకెళితే కొండ మీద ఒక ఊరివాడు. రాగులు, సామలు పండించుకునే రైతు. సొరబుర్రకి రెండు తీగలు బిగించి తానే చేసుకున్న వాయిద్యం, తానే కట్టుకున్న పాట. సగం తెలుగు, సగం మా కొండల ఒడియా. స్టేజి ఎక్కేవాడు కాదు. విశాఖ తీసుకెళ్ళి రికార్డు చేస్తామని వచ్చినవాళ్ళకి అంబలి పోసి సాగనంపాడు. సంతలో, పెళ్ళిలో, కాఫీ కోతల దగ్గర, ఎక్కడ బుద్ధి పుడితే అక్కడ పాడేవాడు. ఇవాళ పాడినట్టు రేపు పాడేవాడు కాదు. అందుకే జనం ఆయన వెనకాల కొండలు దిగి కొండలు ఎక్కారు. ఆయన ఎక్కడ పాడతాడో తెలుసుకోవాలంటే దారి ఒకటే, నర్సమ్మని అడగాలి.

ఆవిడ విజయనగరం వైపు నుంచి నర్సుగా మొదటి ఉద్యోగం మీద మా కొండలకి వచ్చి, రిటైరయ్యాక కూడా దిగని మనిషి. ప్రతి బుధవారం టీకాలు. ఒక భుజాన టీకాల పెట్టె, రెండో భుజాన పాతబడి పక్కన పడేసిన ఇంకో టీకాల పెట్టె. ఆ రెండోదాంట్లో టేప్ రికార్డరు, కాసెట్లు, చెమ్మ పట్టకుండా గుడ్డలో మూటకట్టిన బొగ్గు ముక్కలు. బిడ్డకి సూది వేసి, వాడి ఏడుపు ఆగకముందే తల్లి చెవిలో కబురు వేసేది: "శుక్రవారం మామ సంతలో పాడతాడు. బేగి పనులు సేసుకో." సూదికి భయపడి అడవిలోకి పోయే తల్లులు కూడా పాట కబురు కోసం గుమ్మంలోకొచ్చి నిలబడేవారు.

రికార్డు చేసే ముందు ఆవిడ తన గొంతుతో ఊరి పేరు, ఆ పూట వానో ఎండో, ఎవరెవరు వచ్చారో చెప్పేది. ఆ తరవాతే పాట. కాపీ తీసుకున్నవాళ్ళు మొదట్లో తమ పేరు, ఎవరి దగ్గర తీసుకున్నారో చెప్పాలి. వాళ్ళ నుంచి తీసుకున్నవాళ్ళు తమ పేరు కలపాలి. మన బైబిలు గ్రంథంలో వంశావళులు ఉంటాయే, ఫలానా వాని కుమారుడు ఫలానా అని, అచ్చం అలాగే. కొన్ని కాసెట్లలో పాట రావటానికి ముందు పదిమంది గొంతులు వినాలి. దగ్గులు, పిల్లల ఏడుపులు, మేకలు, అన్నీ ఉంటాయి. ఒక కుర్ర మాస్టారు కంప్యూటర్లో అవన్నీ తీసేసి తేటగా చేసి గుంపులో పెడితే ఆవిడ అడిగింది, "ఇందులో కుక్క ఏది?" అని. తరవాత వాయిస్ మెసేజ్ పెట్టింది: "నాయనా, దగ్గు కోసేత్తే ఆ దగ్గిన మనిషి ఆ రోజు రానట్టే. ఆడు కొండ దిగొచ్చినాడు, కోసీకు."

ఇక నా సంగతి. నేను చదివింది ఐదో తరగతి. ఎవరో పారేసిన అట్టలేని గ్రంథం పట్టుకుని, వేలితో అక్షరం అక్షరం తడుముకుంటూ వాక్యం నేర్చుకున్నాను. నా తల మీద ఎవరూ చెయ్యి పెట్టి సేవకి పంపలేదు. నాకు నేనే బయలుదేరాను. సంతలో నిలబడి నరకంలోని అగ్నిగంధకాల గురించి గొంతు చించుకుంటుంటే, అవతల సొరబుర్ర టింగుమనేది. నా ముందున్నవాళ్ళు ఒక్కొక్కరే లేచి అటు పోయేవారు. నాకు ఒళ్ళు మండిపోయేది. అది దేవుని రోషమే అనుకున్నాను. అందులో సగం అసూయ అని ఇప్పుడు తెలుసు.

ఒకరోజు మా విశ్వాసుల ఇంట్లో ఒక పిల్లకి జ్వరం. నేను ప్రార్థనకి వెళితే ఆ పిల్ల తలగడ దగ్గర మామ కాసెట్టు మోగుతోంది. అది విని పడుకుంటుందని నర్సమ్మ ఇచ్చి వెళ్ళిందట. "ఇది ఇంట్లో ఉండగా స్వస్థత ఎలా వస్తుంది?" అని గద్దించి దాన్ని తీసుకుపోయాను. అప్పుడు నాకో ఆలోచన వచ్చింది. ఈ కాసెట్లు ఊరి నుంచి ఊరికి, చేతి నుంచి చేతికి పోతాయి కదా, దీని మీద నా ప్రసంగం ఎక్కించి వదిలితే? నేను కాళ్ళరిగేలా తిరిగినా చేరని ఇళ్ళకి వాక్యం దానంతట అదే నడిచిపోతుంది!

ఇంకోటి రికార్డు కాకుండా ఆవిడ కాసెట్టు వెనక అంచున ఉండే చిన్న పలకలు విరిచేసి ఉంచింది. ఆ రంధ్రాల మీద ప్లాస్టరు అతికించాను. నా కాలికి దెబ్బ తగిలితే ఆవిడే ఇచ్చిన ప్లాస్టరు. రెండు వైపులా నిండా ప్రసంగించాను. మొదట్లో ఉన్న ఆవిడ మాటలు మాత్రం, "కాఫీ కోతలు, మంచు పడతంది" అని, అలాగే ఉంచాను, ఎవరికీ అనుమానం రాకుండా. తెచ్చిన ఇంట్లోనే తిరిగి పెట్టేశాను. నేను అనుకున్నట్టే అది ఊళ్ళు తిరిగింది.

నెల తిరక్కుండా నర్సమ్మ మా ఇంటి అరుగు మీద కూర్చుంది.

"ఏటి తమ్ముడూ, గొంతు బాగుంది నీది," అంది. "రెండు వైపులా విన్నాను."

నేను పొంగిపోయాను. "మారుమనస్సు కలిగిందా అక్కా?"

"కలిగింది. ఇకమీదట నీకు ప్లాస్టరు ఇవ్వకూడదని."

మా ఆవిడ లోపల పకపకా నవ్వింది. నర్సమ్మ నవ్వలేదు. "అది కాపీ కాదు తమ్ముడూ, తల్లి కాసెట్టు. ఆ పిల్లగుంటకి ఒళ్ళు కాలిపోతంది, కాపీ తీసే తీరిక లేక అదే ఇచ్చీసినాను. ఆ కోతల నాడు మామ తొమ్మిది పాటలు పాడినాడు. రెండు అప్పటికప్పుడు కట్టినవి. మళ్ళీ పాడమంటే 'ఆ పూటకి వచ్చాయి, పోయాయి' అంటన్నాడు."

నేను దేవుని పని అని ఏదో గొణిగాను. ఆవిడ వినిపించుకోకుండా అడిగింది: "మీ గ్రంథంలో ఒక రాజు, ప్రవక్త మాటలు కత్తితో కోసి కుంపట్లో ఏసినాడట కదా. తరవాత ఏటైంది?"

"మళ్ళీ రాశారు," అన్నాను. నా నోటితో నేనే.

"అయితే నడు."

అలా ఆ రెండో పెట్టె నా భుజానికెక్కింది. బుధవారం తరవాత బుధవారం, ఆవిడ సూదులు వేస్తుంటే నేను ఆ కోతలకి వెళ్ళినవాళ్ళ ఇళ్ళు తిరిగి, ఎవరికి ఏ చరణం గుర్తుంటే అది పాడించుకుని రికార్డు చేశాను. నన్ను చూడగానే ఊరికి ఊరు నవ్వేది. ఒక ముసలాయన అడిగాడు, "మామకి గొంతు మారిందేటి? ఆ నరకం పాటలో చరణాలెక్కువ, దరువు లేదు." ఇంకో ఇంట్లో రోలు దగ్గర రాగులు దంచుతూ ఒకామె పాడింది: "వానకి దారి నేను వెయ్యను, వచ్చాక మడి కడతాను." రోకలి ఆపలేదు, నా వైపు చూడలేదు. నేను పెట్టె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. కృప గురించి నేను ఏళ్ళ తరబడి అరిచి చెప్పలేనిది ఆ ఒక్క వరుసలో ఉంది. ఆ రోజు నుంచి నేను కూడా మామ మనిషినే. నా తోటి బోధకులు వెలివేసినంత పని చేశారు. చేసుకోనీండి. ఐదు రొట్టెలు పంచాక మిగిలిన ముక్కలు ఏరమని ప్రభువు ఎందుకు చెప్పాడో వాళ్ళు ఒక్కసారైనా మోకాళ్ళ మీద కూర్చుని ఆలోచించాలి!

ఏడు పాటలు దొరికాయి. ఆ కొత్త రెండూ ఎవరికీ పట్టుబడలేదు. ఒక్కసారే విన్నారు మరి.

నా ప్రసంగాన్ని ఆవిడ చెరపలేదు. సిగ్గుతో చెరిపేయమని బతిమాలాను. "ఉండనీ. ఆ రోజుకి నువ్వూ వచ్చినట్టే," అంది. ఏ గుడికి వెళతావక్కా అంటే, "బుధవారం డ్యూటీ, ఆదివారం బట్టలు," అనేది. నేను ఆవిడ కోసం ఎంత ప్రార్థించానో నాకు తెలుసు. ఇప్పుడు మాత్రం, నేను పరలోకానికి వెళ్ళేసరికి నాకోసం మాట చెప్పేది ఆవిడేనేమో అనిపిస్తుంది.

మామ పోయిన రోజు మాకు కబురు ఆవిడ గొంతులోనే వచ్చింది. ఊరి పేరు చెప్పింది. "వాన. అందరూ వచ్చినారు," అంది. అంతే. తరవాత చాలాసేపు వాన చప్పుడు.

చివర్లో ఆవిడకి కిడ్నీలు పాడై విశాఖలో ఆసుపత్రిలో ఉంచారు. నేను వెళ్ళి తల దగ్గర కూర్చుని వాక్యం తెరవబోతే చెయ్యి పట్టుకుని ఆపింది.

"అది తరవాత సదువు. నాకొకటి గేపకమొచ్చింది. ఆ కోతల కాసెట్టు నీ సేతిలో పడకముందు ఒక్క కాపీ తీసినాను. బొర్రా దగ్గర రైలు లైను మీద పని సేసే ఆయనకి. ఆళ్ళు ఆ క్వార్టర్స్ ఇడిసి ఎటో ఎల్లిపోనారు. నాను ఎతకలేను ఇంక. నువ్వెతుకు."

"దొరక్కపోతే అక్కా?"

"దొరక్కపోతే ఇంకో బుధవారం ఎల్తావు."

ఆ తరవాత కళ్ళు మూసుకుని, "ఇప్పుడు సదువు," అంది. చదివాను. నా జీవితంలో గొంతు ఎత్తకుండా చదివింది ఆ ఒక్కసారే.

మట్టి చేసి వచ్చాక మేనకోడలు పెట్టెలన్నీ మా ముందు పెట్టింది. ఒకరి ఇంట్లో భద్రంగా ఉంచుదామని కొందరన్నారు. నేను లేచాను. ఒకరి ఇంట్లో ఉంటే ఒక చెదపురుగు చాలు, నాలాంటి ఒక మూర్ఖుడు చాలు! ఆ రొట్టె ముక్కలు పన్నెండు గంపలకి ఎత్తినట్టు పన్నెండు ఇళ్ళకి ఎత్తాం. ప్రతి ఇల్లూ కాపీలు తీసి అడిగినవాళ్ళకి ఇవ్వాలి, దగ్గులతో సహా, పేర్లతో సహా. అమ్మకూడదు. కొయ్యకూడదు. దీని మీద ఎవరైనా నాతో వాదించాలంటే మా ఊరు రండి, కూర్చుందాం.

వెతకటం మాత్రం నా ఒక్కడి పని. వరసగా బుధవారాలు బొర్రా వెళ్ళాను. గుహలు చూసేవాళ్ళంతా ఒక వైపు నడుస్తుంటే నేను పట్టాల పక్కన ఇంకో వైపు. లైను మీద పనిచేసేవాళ్ళని, రిటైరైనవాళ్ళని, టీ కాసేవాళ్ళని అడిగాను. ఎవరో ఒకాయన, ఆ మనిషి పోయాడనీ, భార్య పుట్టింటి ఊళ్ళో వ్యవసాయం చేసుకుంటోందనీ కొండ చూపించాడు.

ఆమె దగ్గర దొరికిన టేపులో ఆ రెండు పాటలూ ఉన్నాయా అని గుంపులో రోజూ అడుగుతున్నారు. నాకింకా తెలీదు. తుడవాలి, తెగినచోట అతకాలి, కొత్త డబ్బాలోకి ఎక్కించాలి. కుక్కని తీసేసి ఆవిడ చేత చివాట్లు తిన్న మాస్టారే ఆ పని చేస్తున్నాడు. నాకు తెలిసిందల్లా ఆ కొండ మీద జరిగింది.

ఆ ఇంటి ముసలమ్మ నా మాట విని లోపలికెళ్ళి ఒక ఖాళీ డబ్బా తెచ్చింది. దాని మీద నర్సమ్మ రాత: కాఫీ కోతలు.

"లోపలిది ఏదమ్మా?"

"మెషిను సెడిపోయి ఎన్నాళ్ళో అయింది బాబూ. పిట్టలు సామలు మిగల్నివ్వటం లేదు. మొన్న దసరాకి సేను సుట్టూ కట్టీసినాను."

తలెత్తి చూశాను. ఇంటి వెనకాల పండిన సామ చేను. కర్ర నుంచి కర్రకి గోధుమరంగు టేపు, గాలికి సన్నగా రొద పెడుతూ, ఎండకి తళుక్కుమంటూ.

సంగతి చెప్పాను. ఆమె చెంగు నడుముకి చుట్టుకుని చేలోకి దిగింది. నేను కర్ర కర్ర దగ్గరా ముడి విప్పుతూ, పెన్సిలుకి చుట్టుకుంటూ; ఆమె నా వెనకాల, టేపు నేలకి తగలకుండా రెండు అరచేతుల మీదా ఎత్తి పట్టుకుని. మేము విప్పుకుంటూ పోయిన మేరకి పిట్టలు వచ్చి వాలుతున్నాయి, ముందు ఒకటి, తరవాత గుంపు. నేను చెయ్యి ఎత్తి తోలబోయాను.

"తిననీ బాబూ, ఈ ఒక్కరోజు," అంది ఆమె. "నువ్వు ముడి సూసుకో, తెగిపోద్ది."