"చేతులెత్తిన ఊరు" ఫాంటసీ కాదు

నిన్న పొద్దున బేతమంగళ బస్సులో ఉండగా అత్త ఫోన్ చేసింది.

"మీ మామ లేడప్పా" అంది. ఆ తరవాత ఏమందో నాకు వినపడలేదు.

మొన్న రాత్రే కదా, సంగటిలో ఉప్పు తక్కువైందని ఆమెతో గొడవ పెట్టుకున్నాడు. ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

దుఃఖం కంటే కోపం ఎక్కువగా ఉంది. అందుకే రాస్తున్నా.

నిన్నటి నుంచి మన వాట్సాప్ గ్రూపుల్లో మామ గురించి ఒకటే మెసేజ్‌లు. "గొప్ప ఊహాశక్తి ఉన్న రచయిత." "ఏం ఇమాజినేషన్ సార్." కింద దండాల ఎమోజీలు.

ఏం ఊహ? ఎక్కడి ఊహ?

మామ కేజీఎఫ్‌లో, అంటే కోలారు బంగారు గనుల్లో, భూమి లోపల పనిచేసిన అండర్‌గ్రౌండ్ మనిషి. తెల్లవాళ్ళ కంపెనీ పోయి గని గవర్నమెంటు చేతికి వచ్చింది కానీ గేటు పద్ధతి మారలేదు. షిఫ్ట్ ముగించి పైకి వచ్చిన ప్రతివాడూ అక్కడ చేతులెత్తి నిలబడాలి. టిఫిన్ డబ్బా బోర్లించాలి. నోరు తెరిచి, నాలుక పైకెత్తి చూపించాలి, బంగారం దాచాడేమోనని.

తప్పు చేసినా, చేయకపోయినా. రోజూ.

గని మూతపడ్డాక ఆయన రాసిన నవలే "చేతులెత్తిన ఊరు". ఆ ఊళ్ళో ఇంట్లోంచి బయటికి వస్తే సోదా, లోపలికి పోతే సోదా. పక్కింటివాడి మీద పక్కింటివాడే కాపలా. తల్లి బిడ్డకు ముద్ద పెట్టే ముందు నోరు వెతుకుతుంది. చివరికి గేట్లు పీకేసి కాపలావాళ్ళు వెళ్ళిపోతారు. జనం మాత్రం గేటు ఉన్న చోటికి రాగానే ఆగి, చేతులెత్తుతారు.

కోలారులో పుస్తకావిష్కరణ రోజు, మైకు పట్టుకున్న పెద్దమనిషి "ఇదొక చక్కని ఫాంటసీ" అన్నాడు. పుస్తకం అట్ట కూడా తిప్పలేదని అప్పుడే తెలిసిపోయింది. నాకు ఒళ్ళు మండింది. మామ తల దించుకుని నవ్వుకున్నాడు.

ఇంకోసారి ఆయన్ని బెంగళూరులో ఒక మాల్‌కు తీసుకెళ్ళాను.

సెక్యూరిటీ అతను మెషిన్ పట్టుకుని "చేతులు" అన్నాడు. మామ చేతులెత్తాడు. వెంటనే నోరు తెరిచాడు. నాలుక పైకెత్తి అలాగే నిలబడ్డాడు.

క్యూలో అందరూ నవ్వారు. ఒకామె వీడియో తీయబోయింది. నేను ఆమె మీదికి పోయాను.

మామ నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"ఇడిసిపెట్టప్పా. వాళ్ళూ చేతులెత్తే నిలబడినారు గదా. ఇంగ నోరొకటే మిగిలుండాది."

ఇది ఫాంటసీనా? చెప్పండి.

నిన్న మధ్యాహ్నం మామను వరండాలో పడుకోబెట్టారు. పోయినవాళ్ళ నోట్లో తులసి నీళ్ళు పోసి, రవ్వంత బంగారం పెట్టి పంపడం మా ఆనవాయితీ. సుగటూరు నుంచి వచ్చిన అత్త వాళ్ళన్న, తన ఉంగరం గీకి ఆ పొడి కాగితంలో తెచ్చాడు. "నోరు కొంచెం తెరవండప్పా" అన్నాడు. పాపం, ఆయన సేద్యం మనిషి. ఆ గేటు ఆయనెప్పుడూ చూడలేదు.

అంతవరకు కదలని అత్త లేచి వచ్చి అడ్డంగా కూర్చుంది.

"అన్నా, బంగారం ఉండాదేమోనని దినామూ ఆ నోరు తెరిపించి చూసినారు. ఏ పొద్దూ లేదు. ఇప్పుడు నువ్వే పెడతావా? ఎవరూ తెరవొద్దండి ఆ నోరు."

 ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. అత్త కొంగు చివర తులసి నీళ్ళలో ముంచి, మామ పెదాల మీద అద్దింది.

మూసిన నోరు మూసినట్టే పంపించాం.

కాబట్టి దయచేసి ఇమాజినేషన్ అని రాయకండి. పుస్తకం కాపీలు మా ఇంట్లో అట్టపెట్టె నిండా ఉన్నాయి. అడగండి, ఇస్తాను. ముందు చదవండి. దండం తరవాత పెట్టండి.

పోయి రా మామా. చేతులు దించుకుని పో. నువ్వు పోయేచోట గేటు లేకుండా ఉండాలి. నిమ్మళంగా పడుకో.