ఇవ్వని మాఫీ

హజ్‌కు పోయేవాళ్లు పోయేముందు ఇరుగుపొరుగును, బంధువులను, ఎప్పుడో మాట తూలినవాళ్లను వెతికి మరీ మాఫీ అడుగుతారు. మనిషికి చేసిన అన్యాయాన్ని ఆ మనిషే మన్నించాలి, అందులో దేవుడు కూడా వేలు పెట్టడని మా దూదేకుల ఇళ్లలో చిన్నప్పుడే చెబుతారు. ఆచారం మంచిదే. దాన్ని అడ్డం పెట్టుకుని చేతులు కడుక్కునేవాళ్లంటేనే నాకు ఒళ్లు మంట.

రెండువేల సంవత్సరం తర్వాతి మాట. మదీనాలో ఒక హోటల్లో గదులు శుభ్రం చేసేవాణ్ణి. ఆ ఏడు రంజాన్ ముందర, నా భార్యకు జ్వరం మెదడుకెక్కిందని కర్నూలు నుంచి ఫోన్ వచ్చింది. పాస్‌పోర్టు మా కఫీల్, అంటే నన్ను పనికి రప్పించుకున్న యజమాని దగ్గరుంది. అతను సరేనంటేనే దేశం దాటగలను. కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. "రంజాన్ అయ్యాక చూద్దాం" అన్నాడు. ఈలోగా ఆమె పోయింది. ఆమె గోరీలో నేను వేయాల్సిన మూడు పిడికిళ్ల మట్టి ఎవరెవరో వేశారు.

ఆ ఏటి హజ్ రోజుల్లోనే ఒక ఉజ్బెక్ ముసలాయన నా అంతస్తులో దిగాడు. కుడిచేతికి రెండు వేళ్లు లేవు. వాళ్ల గుంపును నడిపించే కుర్రాడికి మన సినిమాల పుణ్యమా అని హిందీ వచ్చు. అతని ద్వారానే ఆ వేళ్ల సంగతి అడిగాను. సోవియట్ కాలంలో పిల్లలకు చాటుగా ఖురాన్ అక్షరాలు నేర్పారని ఈయననూ, వాళ్లన్ననూ పట్టుకుపోయారట. ఎక్కడో ఉత్తరాన మంచు అడవుల్లో, ముళ్లకంచె లోపల ఉంచి చెట్లు నరికించేవాళ్లట. ఎంత కట్టె నరికితే అంత రొట్టె. కట్టె తగ్గితే రొట్టె తగ్గేది, రొట్టె తగ్గితే మర్నాడు కట్టె ఇంకా తగ్గేది. ఆ చలికి ఈయన వేళ్లు పోయాయి, ఆ ఆకలికి అన్న పోయాడు. నేల గడ్డకట్టి తవ్వడానికి వీల్లేక, శవాన్ని ఎండలొచ్చేదాకా కట్టెల పక్కనే పడేశారట. తర్వాత ఎక్కడ పూడ్చారో తమ్ముడికి చెప్పనే లేదు.

నేను నా భార్య సంగతి చెప్పాను. ముసలాయన మంచం మీద కాస్త జరిగి కూర్చోమన్నాడు. పనివాడు యాత్రికుడి మంచం మీద కూర్చుంటే ఉద్యోగం ఊడుతుంది. కూర్చున్నాను.

మర్నాడు ఆ గదిలో దుప్పట్లు మారుస్తుంటే, అదే గుంపులోని ఇంకో పెద్దాయన వచ్చాడు. తెల్లటి గడ్డం, అత్తరు వాసన, వెనక నలుగురు. ఆనాడు అన్నదమ్ముల పేర్లు పోలీసులకు చెప్పింది ఈయనేనని కుర్రాడు నా చెవిలో వేశాడు. ఆయన చేతులు గుండెకు ఆనించుకుని మాఫీ అడిగాడు. తమ ఊళ్లో అడగకుండా ఇక్కడిదాకా ఆగాడు, ప్రవక్త ఊళ్లో ఎవరు కాదంటారని. వెనకవాళ్లు అప్పుడే కళ్లు తుడుచుకుంటున్నారు.

ముసలాయన జవాబు కుర్రాడు నాకు హిందీలో చెప్పాడు. మా సీమ మాటల్లో అయితే ఇలా ఉంటుంది: "నువ్వు ఈడ అడుగుతావని నాకు తెలుసు లేరా. అందుకే నీతో పాటు వచ్చినా. ఇయ్యనని నీ మొగానే చెప్పాలని ఇన్నేండ్లు బతికినా. ఇంగ పో."

పెద్దాయనకు ఎవరో నీళ్లందించారు. దాచడమెందుకు, దిండు గలీబు పట్టుకుని నిలబడ్డ నాకు పండగలా అనిపించింది.

కొద్దిరోజులకే మా కఫీల్ హజ్‌కు సిద్ధమయ్యాడు. ఏటా చేసినట్టే పనివాళ్లందరినీ హోటల్ అడుగున బట్టలుతికే గదిలో నిలబెట్టి, తలా ఒక జ్యూస్ డబ్బా ఇచ్చి, "సామిహూనీ, మన్నించండి" అన్నాడు. అందరూ వరసగా మాఫ్, మాఫ్ అన్నారు. పాస్‌పోర్టులు వాడి బీరువాలో ఉంటే ఇంకేమంటారు? నా వంతు వచ్చింది.

"లా" అన్నాను. లేదు అని.

యంత్రాల మోతలో సరిగ్గా వినలేదనుకుని మళ్లీ అడిగాడు. ఈసారి గట్టిగా అన్నాను. జ్యూస్ డబ్బా తిరిగి వాడి చేతిలో పెట్టాను.

తంతాడనుకున్నాను. వాడు భయపడ్డాడు. రెండు రోజుల్లో ఎగ్జిట్ ముద్ర వేయించిన నా పాస్‌పోర్టు తెచ్చి, "ఇప్పుడైనా చెప్పు" అన్నాడు. నా భార్య ప్రాణం పోతుంటే పడని ముద్ర, వాడి హజ్‌కు అడ్డమొచ్చేసరికి పడింది. పాస్‌పోర్టు తీసుకున్నాను. మాఫీ ఇవ్వలేదు.

ఇప్పటికీ ఏటా హజ్ ముందు కర్నూలుకు ఫోన్ చేస్తాడు. గొంతు బాగా ముసలిదైపోయింది. "పోనీలేబ్బా, క్షమిస్తే నీకే పుణ్యం" అంటారు మా మసీదు పెద్దలు. ఆ పుణ్యమేదో మీరే ఉంచుకోండి అంటాను.

మొన్న ఫోన్ మోగితే నా కూతురు తీసింది. "నాయనా, మళ్లా ఆయప్పే. నువ్వు లేవని చెప్పాల్నా?" అంది.

"లేనని మాత్రం చెప్పొద్దు. ఇట్ల తే" అన్నాను.

ఒక్క ముక్క చెప్పి పెట్టేశాను. డాక్టరు చక్కెర మానమన్నాడు, మానేశాను. పొద్దున్నే నడుస్తున్నాను. వాడు అడిగినన్నాళ్లూ లేదని చెప్పడానికి నేనుండాలి కదా.