నక్షత్రం మైల

బెల్లం మార్కెట్లో కమీషన్ వ్యాపారం చేసే మా అన్నయ్య పోయిన నాలుగో రోజు, అనకాపల్లిలో ఇంటి ముందు వేసిన షామియానా కింద నా ఫోను పెద్దగా మోగింది. ఎక్కడో ఓ పెద్ద నక్షత్రం కూలిపోతూ చిమ్మిన గామా కిరణాలను ఉపగ్రహం పట్టుకుంటే అలా మోగుతుంది. ఆ కూలిన నక్షత్రం లోపల ఏం జరిగి ఉంటుందో లెక్కకట్టడమే పీహెచ్‌డీ అయ్యాక నేను చేస్తున్న పరిశోధన ఉద్యోగం.

మాడుగుల నుంచి వచ్చిన మామయ్య ఉలిక్కిపడ్డాడు. "మళ్లీ ఎవరు పోయేరు, అల్లుడూ?"

"నక్షత్రం, మామయ్యా. పోయి కోట్ల ఏళ్లయింది. కబురు ఇప్పుడందింది."

ఆయన నిజంగానే ఆలోచించాడు. "అంత పాత సావు కబురు ఇంత ఆలీసంగా అందితే ఇంక మైలేటి? తలకి పోసేసుకో, సరిపోద్ది."

ఇంతలో మా పరిశోధక బృందం నుంచి మెసేజ్ వచ్చింది: "ఇది చాలా దగ్గరిది, అంతా స్పష్టంగా కనబడుతుంది! మన అదృష్టం పండింది. లెక్కలెప్పుడు పంపుతావు?"

చావు ఎంత దగ్గరైతే మాకంత పండగ. ఛీ, ఇదేం బతుకనిపించి ఫోను ఆపేసి నూతి దగ్గరికి పోయాను. చేదతో నీళ్లు తోడి తలకి పోసుకున్నాను.

నక్షత్రం మైల వదిలింది. తుడుచుకుందామని తీగ మీది తువ్వాలు లాగితే, అది అన్నయ్యది. ఇంకా బెల్లం వాసన వేస్తోంది.