అయిదు స్పీకర్లు, ఒక స్టెప్నీ

మా మామ గొంతును నేను అల్మారా మీద పెట్టి మర్చిపోయాను.

నవ్వకండి. మనుషులన్నాక కళ్లజోడు మర్చిపోతారు, గొడుగు మర్చిపోతారు. పిల్లనిచ్చిన మామ గొంతును, అదీ ఇరవై ఏళ్ల కిందటి నాటకం గొంతును, ప్లాస్టిక్ కవరుతో సహా అటకెక్కించినవాడు మాత్రం హైదరాబాదు మొత్తానికి నేనొక్కడినే అయి ఉంటాను. ఆ ఆదివారం నాంపల్లిలోని మా అత్తగారింట్లో నా పరువుకు పట్టిన గతి ఎలాంటిదో చెబుతాను, వినండి.

అప్పటికి నాకు పెళ్లయి ఏడాది కాలేదు. లక్డీకాపూల్‌లో ఓ చిన్న ఆఫీసులో గుమస్తాను. అయినా అత్తగారింట్లో నన్ను సైంటిస్టు అనేవారు. కారణం చిన్నదే. పెళ్లైన కొత్తలో వాళ్ల పాత రేడియో మూగబోతే, నేను నెత్తిన ఒక్కటి మొట్టాను. అది పాడింది. ఆ ఒక్క మొట్టికాయతో వచ్చిన కీర్తిని నేనూ కాదనలేదు. పైగా పేపర్లో డీవీడీ ప్లేయర్ల ప్రకటనలు చదివి, వాటిలోని మాటలు కంఠతా పట్టి, భోజనాల దగ్గర వదిలేవాణ్ని. నిండుకుండ తొణకదంటారు. ఖాళీ కుండకు సరౌండ్ సౌండ్ ఎక్కువ.

మామ నాంపల్లి కోర్టులో క్లర్కుగా చేసి రిటైరయ్యాడు. పేరు విఠల్‌రావు. వయసులో ఉన్నప్పుడు సిద్దిపేటలో ఒక పౌరాణిక నాటకంలో రాజు వేషం వేసి పద్యాలు పాడాడు. ఆయన జీవితంలో కోర్టు నౌకరీ ఒక ఎత్తు, ఆ ఒక్క రాత్రి ఒక ఎత్తు. ఆ నాటకానికి హార్మోనియం వాయించింది ఆయన ప్రాణమిత్రుడు యాదగిరి. ప్రాణమిత్రులిద్దరూ ఇరవై ఏళ్లుగా ఒకే విషయం మీద కొట్లాడుతున్నారు.

"నీ పెట్టె మోతల నా గొంతు మునిగిందిరా" అనేవాడు మామ.

"నా పెట్టె లేకుంటే నీ గొంతు ఏ చెట్టెక్కి కూసుంటుండెనో" అనేవాడు యాదగిరి.

తీర్పు చెప్పేందుకు సాక్ష్యం లేదు. అలాంటిది, ఆ నాటకాన్ని వీడియో తీసిన మనిషి ఇంట్లో పాత క్యాసెట్ దొరికింది. మామ దాన్ని అబిడ్స్‌లో ఇచ్చి డిస్కు చేయించాడు. అప్పటికే వెడల్పాటి కొత్త టీవీ కొన్నాడు. ఇక కావలసింది ప్లేయరు, స్పీకర్లు, వాటి గురించి తెలిసిన పండితుడు.

"అల్లుడా, ఆదివారం యాదగిరిని పిలుస్త. వాని చెవులతోని వాడే వినాలె. నువ్వే మంచిది చూసి ఇప్పియ్యాలె" అన్నాడు మామ.

ఇద్దరం అబిడ్స్ వెళ్లాం. దుకాణంలో సేల్స్‌మన్ ఎదురుగా వచ్చి, ఊపిరి తీసుకోకుండా మొదలుపెట్టాడు. "సార్, ఫైవ్ పాయింట్ వన్, ప్రోగ్రెసివ్ స్కాన్, ఆల్ రీజియన్..."

మామ నా చెవిలో అడిగాడు. "స్కాన్ ఏందిరా? మొన్ననే కదా దవాఖానల తీయించిన."

"అది మీక్కాదు మామా, బొమ్మకు. గీతలు పోయి బొమ్మ నున్నగా వస్తది."

ఇది ఇంచుమించు నిజమే. నా దురదృష్టమేమిటంటే, నేను మొదట ఒకటి రెండు సరిగ్గానే చెబుతాను. దాంతో తర్వాతివి కూడా నమ్ముతారు.

"మరి రీజియనంటే?"

"ఏ ప్రాంతం డిస్కు ఆ ప్రాంతంల్నే ఆడుతది. వేరే తాన ఆడది."

మామ ముఖం పాలిపోయింది. "నేను నాటకం ఆడింది సిద్దిపేటల గదా! నాంపల్లిల ఆడుతదా మరి?"

"గందుకే ఆల్ రీజియన్ తీసుకుంటున్నం. సిద్దిపేటేంది మామా, ఆదిలాబాద్ దాకా ఆడుతది" అన్నాను. సేల్స్‌మన్ నావైపు అదోలా చూశాడు. అది గౌరవమనుకున్నాను.

ఇక అసలు ప్రశ్న వచ్చింది. "ఫైవ్ పాయింట్ వన్ అంటే ఏంది అల్లుడా? పాయింట్ ఒకటి స్పీకర్ ఎట్లుంటది? ముక్కనా?"

నిజం చెప్పొద్దూ, అది నాకూ తెలియదు. పక్కనే ఉన్న సేల్స్‌మన్‌ను అడిగితే ఒక్క నిమిషంలో చెప్పేవాడు. కానీ సైంటిస్టు సేల్స్‌మన్‌ను అడుగుతాడా? కిటికీలోంచి రోడ్డు మీద ఒక కారు కనిపించింది. వెంటనే జ్ఞానోదయమైంది.

"కారుకు నాలుగు చక్రాలుండంగ స్టెప్నీ ఎందుకిస్తరు మామా? గట్లనే అయిదు స్పీకర్లు, ఒక స్టెప్నీ. ఏదన్న ఖరాబయితే తగిలించుకోనీకి."

"వారెవ్వా" అన్నాడు మామ. ఆటోలో ఇంటికొచ్చేదాకా ఆ పెద్ద డబ్బాను పసిపిల్లాడిలా ఒళ్లో పెట్టుకుని, దారిలో డ్రైవరుకు కూడా స్టెప్నీ సంగతి చెప్పాడు.

ఇంట్లో డబ్బా విప్పాను. ఒకే పోలికతో నాలుగు చిన్న స్పీకర్లు, నేల మీద పెట్టే ఒక పెద్ద డబ్బా, అడ్డంగా పొడుగ్గా ఇంకొకటి. నాలుగు, పెద్దది ఒకటి, అయిదు. మిగిలింది ఆ అడ్డపొడుగుది. ఏ ఒక్కదాని పోలికా లేదు. స్టెప్నీ అదే! ధూళి పడకుండా కవరు కూడా తీయకుండా అల్మారా మీద పెట్టాను. చూస్తున్నారుగా, ఎంత జాగ్రత్తపరుణ్నో.

దుకాణంవాళ్లు ఇచ్చిన నమూనా డిస్కు వేసి పరీక్షించాను. అందులో మాటలు లేవు. ఒక రైలు గోడలోంచి వచ్చి సోఫా మీదుగా పోయింది. తర్వాత వెనక స్పీకర్లలో వాన మొదలైంది. వంటింట్లోంచి అత్తమ్మ "అయ్యో, బట్టలు!" అంటూ మేడ మీదికి పరుగెత్తి, ఎర్రటి ఎండలో ఆరిన బట్టలన్నీ మోసుకొచ్చింది. ఇంతకంటే పెద్ద సర్టిఫికెట్ ఎవరిస్తారు?

ఆదివారం భోజనాలయ్యాక యాదగిరి వచ్చాడు. కండువా సర్దుకుని, ముందు వరసలో కూర్చున్నాడు. మామ ఇస్త్రీ లాల్చీ వేసుకున్నాడు. నా భార్య సునీత తలుపుకు ఆనుకుని నిలబడింది. అత్తమ్మ చాయ్ పెడతానని వంటింట్లోకి వెళ్లింది. అల్లుడికి రిమోటొస్తే పట్టపగలు సరౌండు పెట్టాడట. నేనూ గంభీరంగా సరౌండ్ బటన్ నొక్కి, బొమ్మను టీవీ నిండా సాగదీశాను.

రాజు వేషంలో మామ ప్రత్యక్షమయ్యాడు. అప్పట్లో ఆయన చువ్వలా ఉండేవాడట. సాగదీసేసరికి ఛాతీ ఈ గోడ నుంచి ఆ గోడ దాకా వచ్చింది.

"గట్లనే ఉంటుంటి" అన్నాడు మామ, మీసం దువ్వుకుంటూ.

తెర మీది రాజు చెయ్యెత్తాడు. నోరు తెరిచాడు. ఎడమ స్పీకరులోంచి హార్మోనియం మహా ఠీవిగా పలికింది. వెనక స్పీకర్లలోంచి జనం దగ్గారు. రాజు నోరు మూశాడు, మళ్లీ తెరిచాడు. గొంతు లేదు. అక్వేరియంలో చేప కిరీటం పెట్టుకున్నట్టుంది.

"సౌండ్ పెంచు" అన్నాడు మామ.

పెంచాను. హార్మోనియం పెరిగింది. దగ్గు పెరిగింది. సిద్దిపేటలో ఎవరో తుమ్మితే మా వెనక కిటికీ రెక్క కొట్టుకుంది.

యాదగిరి ముఖం పున్నమి చంద్రుడిలా వెలిగింది. "ఆహా! ఎంత సాఫ్‌గ వినిపిస్తున్నది! ఇగ నేను వేరే చెప్పేదేముంది విఠలూ? మిషినే చెప్తున్నది. నాటకం మొత్తం నా పెట్టెదే!"

"అల్లుడా!" మామ నావైపు తిరిగాడు. "నా గొంతేదిరా?"

"అది... క్యాసెట్ పాతది కదా మామా. గొంతు అరిగిపోయి ఉంటది."

"పెట్టె అరగలే, దగ్గు అరగలే, నా గొంతొక్కటే అరిగిందా?"

కోర్టులో పనిచేసిన మనిషి. అడ్డు ప్రశ్న వేస్తే తిరుగుండదు. రేడియోకు పట్టిన మందే పడుతుందని ప్లేయర్ నెత్తిన ఒక మొట్టికాయ వేశాను. అది డిస్కును బయటికి నెట్టి, నాలుక చాపి వెక్కిరించింది.

సునీత మెల్లగా వచ్చి ప్లేయర్ వెనక వంగి చూసింది. "ఇగో, ఇటు చూడున్రి. వెనక ఆరు తొర్రలున్నయి, మీరు అయిదే పెట్టిన్రు. ఈ ఖాళీ దాని మీద సెంటర్ అని రాసుంది."

"అది స్టెప్నీకి" అన్నాను.

"స్టెప్నీ కారుకింద పండుకొని ఉంటది గని, దానికి వేరే తొర్ర ఎందుకు? వైరెందుకు?"

నేను అల్మారా మీదికి వేలు చూపించాను. ఆమె స్టూలెక్కి ఆ డబ్బా దించి, కవరు చింపి, తీగ గుచ్చి, టీవీ కింద పెట్టింది. తర్వాత తెలిసిందేమంటే, ఆ పద్ధతిలో మనుషుల మాటలన్నీ నడిమి స్పీకరులోంచే వస్తాయట. నేల మీది పెద్ద డబ్బాయేనట ఆ పాయింట్ వన్. దానికి దడదడలు తప్ప ఇంకేమీ తెలియవట. ఆ చివరి విషయంలో దానికీ నాకూ పోలికలున్నాయి.

డిస్కు మళ్లీ మొదలైంది. గొంతొచ్చింది! మామ ఒక్కసారిగా లేచి నిలబడ్డాడు. కానీ ఆ గొంతు ఆడగొంతు. అది గుసగుసగా పద్యం మొదటి మాటలు అందించింది. వెంటనే రాజు అవే మాటలు ఎత్తుకుని రాగం తీశాడు. ఆడగొంతు రెండో పాదం అందించింది. రాజు అదీ అందుకున్నాడు. సెంటర్ స్పీకరు ఎంత స్పష్టమైనదంటే, తెర వెనక ఆమె గాజుల చప్పుడు కూడా వినిపించింది.

సునీత తండ్రివైపు తిరిగింది. "నాయినా, మొత్తం నోటికొచ్చంటివి గద! ఈ అందించేదెవరు? గీ గొంతు... అమ్మది కదా?"

మామ లాల్చీ గుండీలు సర్దుకున్నాడు. యాదగిరి కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు గానీ, భుజాలు కుదుపుతూనే ఉన్నాయి. చాయ్ కప్పులతో గుమ్మంలోకి వచ్చిన అత్తమ్మ, తన గొంతు తానే విని అక్కడే ఆగిపోయింది.

"ఇగ బంద్ చెయ్యి అల్లుడా" అంది కంగారుగా. "నాలుగో పద్యం దాకా పోనీయకు."

"ఏముంది అత్తమ్మా నాలుగో పద్యంల?"

"పొద్దంత వంట, చేతిల చంటిది. గాడ నాకు కునుకు పట్టింది."

బంద్ చేయాలనే ప్రయత్నించాను. కానీ కంగారులో నేను నొక్కింది ముందుకు పరుగెత్తించే బటను. సరిగ్గా నాలుగో పద్యం దగ్గరే ఆగింది. హార్మోనియం శృతి ఇచ్చింది. రాజు చెయ్యెత్తాడు. నిశ్శబ్దం. హార్మోనియం మళ్లీ ఇచ్చింది. రాజు మీసం దువ్వాడు. ఠీవిగా నాలుగడుగులు వెనక తెరవైపు నడిచాడు, చెవి ఒగ్గాడు, మళ్లీ ముందుకొచ్చాడు. చివరికి మడమతో తెరను ఒక్క తన్ను తన్నాడు. నడిమి స్పీకరులోంచి ఒక చంటిపిల్ల కెవ్వుమని ఏడ్చింది, వెంటనే అత్తమ్మ గొంతు పద్యం అందుకుంది. జనం అదీ నాటకమే అనుకుని చప్పట్లు కొట్టారు.

"గా ఏడ్చింది నేనేనా?" అంది సునీత.

యాదగిరి ఇక ఆపుకోలేకపోయాడు. కళ్లనీళ్లు తుడుచుకుంటూ, "అరే విఠలూ, నీ గొంతా నా పెట్టెనా అని ఇరవై ఏండ్లు కొట్లాడినం. ఇద్దరం ఓడినం పో! నాటకం వదినమ్మదిరా!" అన్నాడు.

మామ కాసేపు తన రాజరికాన్ని చూసుకున్నాడు. కాసేపు అత్తమ్మను చూశాడు. ఆయనా నవ్వాడు, ముందు ముక్కుతో, తర్వాత పొట్టతో. "నాలుగో పద్యం ఇప్పుడన్న చెప్పు, ఇంటం" అన్నాడు. అత్తమ్మ చాయ్ కప్పులు పెట్టి, కొంగు సవరించుకుని, నిలబడే చెప్పింది. ఒక్క అక్షరం తడబడలేదు. యాదగిరి వేళ్లు టీపాయ్ మీద తమంతట తామే ఆడాయి.

నన్ను మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. నేను పోయేటప్పుడు మామ నా భుజం తట్టి అన్నాడు. "అల్లుడా, మొదట నా గొంతు మాయం చేసినవ్. తర్వాత నా మానం బయటవెట్టినవ్. రెంటిట్ల ఏదో ఒక్కటి చేస్తే సరిపోతుండె గదరా!"

ఆ సాయంత్రమే నేను నాంపల్లి స్టేషన్ ప్లాట్‌ఫారం మీద, వచ్చేపోయే రైళ్ల సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను. ఈ జన్మలో డిస్కు గురించి గానీ, స్కాను గురించి గానీ, అంకెల మధ్య చుక్క ఉన్న ఏ వస్తువు గురించి గానీ నోరు విప్పను. ఫ్యాన్ రెగ్యులేటర్‌లో మూడో నంబరంటే ఏమిటని పసిపిల్లలడిగినా చెప్పను. మాట తప్పకుండా నిలబెట్టుకుంటున్నాను. ఇప్పటికీ ఎవరైనా టెక్నికల్ మాటకు అర్థమడిగితే, వినయంగా చేతులు కట్టుకుని ఒకటే అంటాను.

"జర ఆగున్రి. అత్తమ్మనడిగి చెప్త."