పువ్వుల్లేని విజయ

కుప్పయ్యగారి చేతికి ఏ వస్తువిచ్చినా ముందు ఒకటే అడుగుతారు: "ఇది ఏ షెడ్యూలప్పా?" ఆబ్కారీ ఆఫీసులో ముప్పై మూడేళ్లు గుమస్తాగిరీ చేసి రిటైరయ్యారు. పట్టుబడిన సరుకు ఏ చట్టంలో ఏ జాబితా కిందికి వస్తుందో రాయడమే ఆయన పని. పని పోయి ఆరేళ్లయినా జబ్బు పోలేదు. లోకంలో నోట్లోకి పోయేవన్నీ మూడే రకాలని ఆయన సిద్ధాంతం: తిండి, మందు, మత్తు. ఏది ఏదో తేలేదాకా ఆయన ముట్టుకోరు, మనల్ని ముట్టుకోనివ్వరు.

తిరుపతిలో బైరాగిపట్టెడ దగ్గర నాకో జిరాక్సు అంగడి ఉంది. అంగడి వెనకే మా ఇల్లు. ఆయన ఇల్లు పక్క సందు. కాబట్టి రోజూ పొద్దున పదింటికి నా ఖర్మ మొదలయ్యేది. పెద్దమనిషి వచ్చాడు కదా అని మా ఆవిడ కోమలి కాఫీ పంపేది.

"బాలచంద్రా, ఈ కాపీ ఏ షెడ్యూలు?"

"తాగే షెడ్యూలు. తాగు సామీ."

"అట్ల కాదబ్బా. ఆకలికి తాగితే తిండి. తలనొప్పికి తాగితే మందు. తాగకుంటే తలనొప్పొస్తే మత్తు. నువ్వెందుకు తాగుతాండావు?"

"నువ్వొస్తావు గాబట్టి తాగుతాండా."

"అయితే మందే," అని సంతోషంగా తాగేశారు. నేను తిట్టానన్న సంగతి ఆయనకు ఇవాళ్టికీ తెలియదు.

ఇంట్లో ఇంకా ఘోరం. ఒకరోజు ఆయన భార్య అక్కమ్మ మిరియాల చారు పోస్తే గ్లాసు ఎత్తి వెలుతురులో చూశారట. "మే, మిరియాలు ఎక్కువైతే మందు, తక్కువైతే తిండి. ఇది ఏది?"

"తాగితే తిండి," అందట ఆమె, "తాగకుంటే పస్తు. నాకు తెల్సిన షెడ్యూళ్లు రెండే."

పోయినేడు ఏదో పేపర్లో గంజాయిని మందుగా ఒప్పుకోవాలా వద్దా అని వ్యాసం పడింది. ఆ రాసినవాడెవడో నాకు తెలియదు గానీ దొరికితే రెండు తగిలిద్దును. ఆ రోజు మొదలు కుప్పయ్యగారు నా అంగడిని కోర్టు చేసేశారు.

"చట్టం సదివినావా? పూసిన కొన గంజాయి. కొన లేకుండా ఉత్త ఆకైతే గంజాయి కాదు. ఒకే చెట్టప్పా! పువ్వు జైలుకి, ఆకు ఆస్పత్రికి. మళ్లా మందుల రూల్లో సూస్తే ఆ ఆకునే విషాల పట్టికలో పెట్టినారు, వైద్యుడు సూసుకోని ఇయ్యాలని. మందా, మత్తా, విషమా? ఏదో ఒకటి తేల్చాల గదా!"

తేల్చడానికి జనం తక్కువా? బుగ్గలో గుట్కా పెట్టుకున్న ఒక పెద్దమనిషి, ఈ గంజాయి వల్ల దేశం నాశనమైపోతోందని నా గోడ మీద ఉమ్మి మరీ బాధపడ్డాడు. ఇంకొకాయన అది సాక్షాత్తూ శివుడి ప్రసాదమనీ, ఇంటింటికీ రేషన్లో ఇవ్వాలనీ వాదించాడు. కుప్పయ్యగారు ఇద్దరినీ కలిపి దులిపేశారు. "వాడికి వైద్యం తెలీదు, నీకు చట్టం తెలీదు. ఇద్దరికీ నోరు మాత్రం ఉండాది!"

మా అంగడి పక్కన కాశింవలి టైలరు. ఆయన భార్య దిల్షాద్ బీకి క్యాన్సరు. ఆస్పత్రిలో ఒక్కో విడత మందు ఎక్కించి పంపితే వారం దాకా వాంతులు. మంచినీళ్లు కూడా నిలిచేవి కావు. జాకెట్టు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్లను ఎంత దబాయించేదో ఆ మనిషి, గొంతే వినపడకుండా పోయింది. ఇంకో రెండు కిలోలు తగ్గితే వైద్యం ఆపాల్సి వస్తుందని డాక్టర్లు చెప్పేశారు. కాశింవలి మిషను మీద గుడ్డ కప్పి ఇంట్లో కూర్చున్నాడు.

అలాంటి ఇంటికి కుప్పయ్యగారు కాగితం, పెన్ను పట్టుకుని పోయారు. "అమ్మణ్ణీ, దినానికి ఎన్నిసార్లు కక్కుతాండావు? తిన్నాంకనా, తినకముందా?" అని వరసగా అడిగి రాసుకున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. బయటికి రాగానే పట్టుకున్నాను.

"మనిషి సస్తాంటే ఈడ గూడా నీ షెడ్యూలేందప్పా? నీకు మనసుండాదా లేదా?"

"దీనికి రెండు కాపీలు తియ్యి," అని ఆ కాగితమే నా చేతిలో పెట్టారు.

తర్వాత నెలంతా ఆ ఆకు సంగతి పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగారు. మందుల ఆఫీసువాళ్లు ఇది మత్తు, ఆడికి పొమ్మన్నారు. మత్తు ఆఫీసువాళ్లు ఇది ఆకు, మాకు పనిలేదన్నారు. మూడోచోట ఒక గుమస్తా మాత్రం నిజం చెప్పాడట: "సార్, గంజాయి అని రాసిచ్చేదానికి మాకాడ ఫారం ఉండాది. గంజాయి కాదని రాసిచ్చేదానికి ఫారమే లేదు." ఆ మాట చెప్పేటప్పుడు కుప్పయ్యగారి ముఖం చూడాలి, కన్నకూతుర్ని ఎవరో వేలెత్తి చూపినట్టు కుమిలిపోయారు.

ఒక సోమవారం నా అంగడిలో నిలబడే ఆయన ఫోను మాట్లాడారు. నేను పొంచి వినలేదు. మిషను ఆపి విన్నాను, అంతే.

"విజయ వొచ్చేసిందా సామీ? మంచిది, మంచిది. ముందే చెప్తాండా, పువ్వనేది కంటికి కనపడగూడదు. పత్రాలన్నీ సరిగ్గా ఉండాల. బుధవారం చిత్తూరికి నేనే వొస్తా. మా ఇంట్లో తెలీకూడదు, ఆమెకు బీపీ."

విజయ! పువ్వులు పెట్టుకోని విజయ. అంటే పాపం, భర్త పోయిన మనిషన్నమాట. పత్రాలన్నీ సరిగ్గా ఉండాలంటే రిజిస్ట్రారు ఆఫీసు దాకా వచ్చిందన్నమాట. అరవై నాలుగేళ్ల వయసులో! నోరు కట్టేసుకుని కోమలికి ఒక్కదానికే చెప్పాను. కోమలి కూడా గుట్టు గల మనిషే, ఎవరికీ చెప్పలేదు, అక్కమ్మకు తప్ప.

బుధవారం మధ్యాహ్నం అక్కమ్మ వచ్చి నా అంగడి ముందు కూర్చుంది. ఏడవలేదు, తిట్టలేదు. అందుకే నాకు భయమేసింది. అప్పుడే నా ఫోను మోగింది. ఎవరో పోలీసాయన.

"బాలచంద్ర జిరాక్సేనా? ఈడ కాయితాలు పెట్టిన కవర్లమీదంతా మీ అంగడి నంబరే ఉండాది. కుప్పయ్య అని మీకు తెల్సా? పాకాల దాటినాక చెక్‌పోస్టులో ఉండాడు. విజయతో."

"విజయతోనా?"

"విజయతోనే. వొచ్చి మూడు గంటలైంది. దండం పెడ్తా, వొచ్చి తీసకపోండి సార్."

ఫోను స్పీకర్లో ఉంది. అక్కమ్మ లేచి కొంగు బిగించింది. "బండి తియ్యప్పా. ఇన్నోడివి నువ్వే గదా, సూపించేది గూడా నువ్వే."

దారి పొడుగునా అక్కమ్మ బిగించిన కొంగు వదల్లేదు. చెక్‌పోస్టు కనపడగానే బండి ఆగకముందే దిగేసింది. లోపల కుర్చీలో కుప్పయ్యగారు, ఎదురుగా తల పట్టుకున్న కానిస్టేబులు, మధ్యలో బల్లమీద బారెడు ఫైలు.

"యాడ ఆ విజయ?" అని గర్జించింది అక్కమ్మ.

కానిస్టేబులు భయపడిపోయి బల్లమీది చిన్న డబ్బా చూపించాడు. "ఇదేనమ్మా. ఆయుర్వేదంలో ఆ ఆకు పేరే విజయంట. నాకు పొద్దన్నించి అదే పాఠం."

డబ్బాకు సీలుంది. పక్కన వైద్యుడి చీటీ ఉంది. చీటీమీద పేరు దిల్షాద్ బీ. పువ్వు లేకుండా ఉత్త పత్రాలతో చేసిన మందు. పత్రాలంటే ఆకులు. నేను నేలచూపులు చూశాను.

"పట్టుకున్నారా?" అన్నాను కానిస్టేబులుతో, మాట మార్చడానికి.

"మేం పట్టుకోలేదు సార్, ఆయనే మమ్మల్ని పట్టుకున్నాడు! బస్సు ఆపి నాలుగు సంచులు సూసి పొమ్మన్నాం. ఈయన దిగొచ్చి, నాది సూడలేదు, సూడు అన్నాడు. సూసినాం. మందే, చీటీ ఉండాది, పో అన్నాం. పోడు! తనిఖీ చేసినాం, అంతా సక్రమం, వొదిలేసినాం అని రాసి ముద్రేస్తే గానీ పోనంటాడు."

"నీకెందుకబ్బా ఆ కాయితం?" అంది అక్కమ్మ.

కుప్పయ్యగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "నాకు గాదు మే, కాశింకి. ఆస్పత్రి డాక్టరు సరేనన్నాడు, వైద్యుడు రాసిచ్చినాడు, వీడు మాత్రం తెచ్చుకునేదానికి భయపడినాడు. 'అన్నా, ఈ గడ్డంతో నేను ఆ డబ్బా పట్టుకోని బస్సెక్కితే, అది మందా మత్తా అని ఎవురూ అడగరు, ఊరికే ఎత్తకపోతారు' అన్నాడు. నేనేం చెప్పేది? లేదురా అనేదానికి నోరు రాలా. ఒక తూరి నేను తెస్తా. వొచ్చే నెల్లో, ఆ పై నెల్లో? వాడి పెండ్లానికి వాడే ధైర్నంగా తెచ్చుకోవాల గదా. అందుకే ఈ కాయితం."

కానిస్టేబులు తలమీంచి చేతులు తీసి కాగితం లాక్కున్నాడు. రాశాడు, ముద్ర కొట్టాడు. "ఇంకో రెండు రాసిస్తా ఉండు సార్," అన్నాడు. "నేను డ్యూటీలో లేని రోజుకి."

వచ్చేటప్పుడు అక్కమ్మకు నవ్వు ఆగలేదు. "ఈ మనిషితో ఇంకో ఆడది యాడుంటాదిలే అప్పా, మూడోనాటికే తరిమేసుంటాది. నాకెందుకు తోసలేదో!" అంది. నన్ను మాత్రం క్షమించలేదు, ఇప్పటికీ జిరాక్సుకి అవతలి వీధికి పోతుంది.

ఆ మందు అందరికీ పనిచేస్తుందో లేదో నాకు తెలియదు. వాదించుకునేవాళ్లు వాదించుకోనీండి. మూడు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం కుప్పయ్యగారు నా అంగడిలో ఉన్నారు. పక్కింట్లోంచి పెద్ద కేక.

"సంగటి ఇట్లనా కెలికేది? ఊరుబిండిలో ఉప్పేది? ఇరవై ఏండ్లు నా చేతి వంట తిని ఇదేనా నేర్సుకున్నది?"

దిల్షాద్ బీ గొంతు. ఎన్ని నెలలకో! మధ్యలో కాశింవలి నసుగుతున్నాడు, ఆమె వినడం లేదు.

"ఆ మిషను ఆపప్పా, సరిగ్గా ఇనపడ్డంలే," అన్నారు కుప్పయ్యగారు.

ఆపాను. ఇద్దరం గోడకు చెవి ఆనించి, ఆ ఇంటాయన తిట్లు తింటుంటే పండగలా విన్నాం. కాసేపటికి ఆమె మళ్లీ అరిచింది, ఉప్పు తెచ్చేది ఈరోజా రేపా అని. కుప్పయ్యగారు దిగ్గున లేచి, మా వంటింట్లోకి దూరి, కోమలిని అడగను కూడా అడక్కుండా ఉప్పు జాడీ చంకన పెట్టుకుని రోడ్డుమీద చెప్పుల్లేకుండా పరిగెత్తారు.