అత్త మెడలో నా నీలం

మాది ప్రొద్దుటూరు. బంగారు అంగళ్ళకు పేరుపడ్డ ఊరు. పెళ్ళిళ్ళవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో నగల కోసం ఇక్కడికే వస్తారు. అలాంటి ఊళ్ళో ఉన్న నాకు, బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి కొరియర్‌లో నగ పంపింది. సన్నని గొలుసు, దానికి కందిగింజంత నీలం రాయి.

"సెప్టెంబరులో పుట్టినోళ్ళ రాయి నీలమంటమ్మా. నీ యాభయ్యో పుట్టినరోజుకు" అంది ఫోన్‌లో.

నా కోసమే ఆలోచించి ఒకరు కొన్న నగ అదే మొదటిది. వేసుకుని అద్దం ముందు చాలాసేపు నిలబడ్డాను.

ఆ సంతోషం వంటింటి దాకా కూడా రాలేదు. మా అత్త చూసి, చేతిలోని చేట కింద పెట్టేసింది.

"అదేంది మే మెడలో? నీలమా?"

"అవునత్తా. పాప పంపించింది."

"అది శనిదేవుని రాయి. అందరికీ పట్టదు. జాతకం సూపీకుండా ఎవురన్నా ఏసుకుంటారా? ముందు తీసెయ్!"

తీయలేదు. ఆ మధ్యాహ్నమే బోరు మోటారు కాలిపోయింది. మర్నాడు మా ఆయన స్పీడ్‌బ్రేకరు దగ్గర స్కూటరు మీంచి జారిపడి మోచెయ్యి గీరుకున్నాడు. మా మోటారు ఏటా కాలుతుందనీ, ఆయన ఆ స్పీడ్‌బ్రేకరు దగ్గర పడటం కొత్తేమీ కాదనీ గుర్తుచేశాను.

"అప్పుడు పడింది వేరే, ఇప్పుడు పడింది వేరే" అంది అత్త. పసుపు పెట్టించుకుంటున్న మా ఆయన కూడా నా మెడవైపే చూశాడు. ఇక గొలుసు తీయక తప్పలేదు.

బీరువాలో పెడతానంటే అత్త వద్దంది. ఇంట్లో ఎక్కడున్నా ప్రమాదమేనట. అమ్మేద్దామంటే నేను ఒప్పుకోలేదు. కొన్నాళ్ళు దేవుడి గూట్లో ఉంచాక, దారి కూడా ఆమే చెప్పింది.

"నేనేసుకుంటాలే. ముసిల్దాన్ని, నన్ను శని ఏం చేస్తాడు? ఏం జరిగినా నాకే జరగనీ."

ఆ త్యాగమూర్తి మెడలో గొలుసు కొక్కెం నేనే తగిలించాను.

ఆ తర్వాత అన్నీ మంచి శకునాలే. వాన పడింది. మోకాలి నొప్పి తగ్గింది. ఎన్నిసార్లు పిలిచినా పలకని కేబులతను తనంతట తానే వచ్చి టీవీ బాగుచేశాడు. అన్నిటికీ రాయే కారణం. పెళ్ళిళ్ళలో అత్త కొంగు పక్కకు జరుపుకుని, "నా మనమరాలు పంపించింది" అని అందరికీ చూపించేది. పక్కన నేను నవ్వుతూ నిలబడేదాన్ని. లోపల మాత్రం భగ్గున మండేది.

దీపావళికి అమ్మాయి వచ్చింది. నాయనమ్మ మెడ చూసి, నా మొహం చూసింది. ఊరుకోమని సైగ చేసినా వినకుండా నేరుగా ఆమె దగ్గరికే వెళ్ళి కూర్చుంది.

"జేజీ, అది సెప్టెంబరులో పుట్టినోళ్ళు ఏసుకునే రాయి. నువ్వు ఏ నెల్లో పుట్టినావు?"

"నాకేం తెలుసు? సజ్జ కంకులు కోస్తాంటే నొప్పులొచ్చినాయని మా యమ్మ చెప్తాండె."

మా అమ్మాయి ఫోన్‌లో వెతికింది. సజ్జ ఎప్పుడు కోస్తారో నాకు వెతకకుండానే తెలుసు. ఫోన్ మెల్లగా పక్కన పెట్టి, "సెప్టెంబరే" అంది.

"సూసినారా? నా రాయి నన్నే ఎతుక్కుంటా వచ్చినాది" అంది అత్త. కొంచెం ఆగి, రాయిని వేళ్ళతో తడుముకుంటూ, "ఎప్పుడు పుట్టినావని నన్ను ఇంతవరకు ఎవురూ అడగలా" అంది.

ఆమె నగలన్నీ నా ఆడబిడ్డల పెళ్ళిళ్ళలో కరిగిపోయాయని నాకు తెలుసు.

ఈ సెప్టెంబరులో ఇంటికి కేకు తెచ్చారు. ఆమె పుట్టిన తేదీ ఎవరికీ తెలియదు కాబట్టి నాదే ఆమెకూ ఖాయం చేశారు. కొవ్వొత్తులు నేను వెలిగించాను, కేకు ఆమె కోసింది. మొదటి ముక్క నా నోట్లో పెట్టి, "తిను మే, నీది గూడా ఈ పొద్దే కదా" అంది.