మేత మారిన వర్షాకాలంలో ప్రభువు నన్ను నిలిపిన విధము

ప్రభువునందు ప్రియ సహోదరులారా, సహోదరీలారా! చేతికి అందిన చదువును నేనే విడిచిపెట్టబోయిన ఆ వర్షాకాలాన్ని గురించి చెప్పుకోవడానికి నేటికీ నాకు సిగ్గుగానే ఉన్నది. అయినా చెప్పకపోతే దేవుని మేలును దాచినవాడినవుతాను.

మోత్కూరు సమీపంలోని ఒక చిన్న పల్లె మాది. గొర్రెలు కాసే మా కుటుంబంలో బడి మెట్లు ఎక్కినవారిలో నేనే మొదటివాడిని. నల్లగొండలో బి.ఎ. మొదటి సంవత్సరం ముగిసిన వేసవిలో మా సంఘపు పెద్దలు నన్ను సిలోనుకు పంపారు. అక్కడి కొండల మధ్య ఒక పాఠశాల కట్టడానికి అనేక దేశాల క్రైస్తవ యువకులు కూడిన శిబిరమది. ఉదయాన ప్రార్థన, మధ్యాహ్నం వరకు ఇటుకలు మోయడం, సాయంత్రం పాటలు! అందరమూ ఒకే బల్ల చుట్టూ కూర్చుని తిన్నాము, నీ కులమేమిటని నన్ను ఒక్కరూ అడగలేదు, ఎవరికీ తొందర లేదు, ప్రభువు నా ప్రక్కనే నడుస్తున్నట్లుండేది.

తిరిగి వచ్చేసరికి కళాశాల తెరిచి నెల దాటింది. తర్కశాస్త్రంలో నాలుగు అధ్యాయాలు అయిపోయాయి, గంట మ్రోగితే ఒక గది నుండి మరొక గదికి పరుగు, ఆదివారం బడి, యువజన కూటములు, ఇవి చాలవన్నట్లు సిలోను సంగతులు చెప్పమని సంఘాల నుండి పిలుపులు. ఈ వారం కేతేపల్లి అయితే పై వారం మరొక ఊరు, నేను దేనినీ కాదనలేదు. మాట్లాడి దిగగానే జనం మెచ్చుకొనేవారు, ఆ మెప్పు నాకు ఇంపుగా ఉండేది. కాని పుస్తకం తెరిస్తే ఒక్క వాక్యమూ తలకెక్కేది కాదు, అన్నం సయించేది కాదు. వసతి గృహంలో నా ప్రక్క మంచం యేసురత్నం ఒకనాడు భోజనాల దగ్గర, "ఏం సిలోన్ దొరా, గీ జొన్నరొట్టె గొంతు దిగుతలేదా? ఓడ పిలిపియ్యాల్నా?" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కాని లేచి చేయి కడుగుకొనేటప్పుడు కన్నీళ్లు ఆగలేదు.

త్రైమాసిక పరీక్షలు ఎనిమిది దినాలున్నవనగా ప్రిన్సిపాలుగారు నన్ను పిలిచి, ఈ పరీక్షలు తప్పితే వసతి గృహంలో నా చోటు మరొకరికి పోతుందని చెప్పారు. ఆ చోటు పోతే నా చదువు ముగిసినట్లే. "ప్రభువా, అక్కడ నీవు నాతో ఉంటివి, ఇక్కడ నిన్ను వెదకుటకైనను నాకు తీరిక లేదు, ఇక నావల్ల కాదు" అని ప్రార్థించి, పెట్టె కట్టుకొని మా ఊరి బస్సెక్కాను.

మా నాయన ఊరి వెలుపల గట్టు క్రింద మందతో ఉన్నాడు. ఎండాకాలమంతా కృష్ణ ఒడ్డున ఎండుగడ్డి మేసిన మా గొర్రెలు, ఆ ఏడు వానలు ఆలస్యమైనందున, అప్పుడే ఇల్లు చేరాయి. పల్లంలో మొలిచిన పచ్చగడ్డి వైపు అవి ఉరుకుతుంటే ఆయన కర్ర అడ్డం పెట్టి మళ్లిస్తున్నాడు.

"నాయినా, నేనిగ కాలేజికి పోను" అన్నాను.

"ఎందుకు కొడుకా? జరం వచ్చిందా?"

"జరం కాదు. అన్నిటి ఎనుక ఉరుకుతున్న, ఒక్కటి దొరుకుతలేదు."

ఆయన కోపపడలేదు, నవ్వాడు! "గొర్లకాపరి కొడుకువై గిది తెల్వకపాయెనా? ఒట్టిగడ్డి తిని వచ్చినవాటిని పచ్చిగడ్డిల ఒక్కసారే ఇడిస్తే కడుపుబ్బి సస్తయి. పొద్దుగాల జరసేపు మేపి, మళ్ల గట్టుమీది ఒట్టిగడ్డికి తోల్తం. పది దినాలైతే అవే అలవాటు పడ్తయి. నిన్నెవలు అన్ని ఒక్కసారే మేయమన్నరు?"

ఆ వెంటనే తలకు చుట్టిన రుమాలు తీసి, నిలుచున్నచోటనే నా తలపై చేయి పెట్టి, "యేసయ్యా, గీ పిలగానికి మేత మారింది. జర నిమ్మలంగ మేపు తండ్రీ" అని ప్రార్థించాడు. అంతే, సహోదరులారా! అక్షరం రాని మా నాయన చేసిన ఆ చిన్న ప్రార్థనకు నా గుండెలోని బండ కరిగిపోయింది. దేవుడు సిలోనులోనే నిలిచిపోలేదు, నేనే మెప్పు కోసం ఆశపడి ఆయనకు చోటు లేకుండా నా దినాలను నింపుకొన్నానని ఒప్పుకొని ఏడ్చాను.

మరునాడే నల్లగొండకు తిరిగి వచ్చాను. పరీక్షలయ్యేవరకు ఏ ఊరికీ రాలేనని సంఘాలకు ఉత్తరాలు వ్రాశాను. ఉదయాన కొంతసేపు ప్రార్థన, పిదప ఒక్క పాఠం, అది పూర్తయితేనే మరొకటి. ఆశ్చర్యం చూడండి, నన్ను ఎగతాళి చేసిన యేసురత్నమే తన తర్కశాస్త్రం నోటు పుస్తకం తెచ్చి, "దొరా, ఇయ్యాల గీ రెండు పేజీలే చదువు, మిగిలినయి రేపిస్త" అన్నాడు! తర్కశాస్త్రంలో తప్పాను, తక్కిన అన్నిటిలో నెగ్గాను. ప్రిన్సిపాలుగారు మార్కులు చూసి, "ఉండు, మళ్లీ వ్రాయి" అన్నారు. వేసవికి అదీ నెగ్గాను. దేవునికే మహిమ!

మరుసటి ఏడు పట్టా కాగితం ఇంటికి తీసుకొని వెళితే, మా నాయన చేతులు కడుగుకొని వచ్చి దానిని అందుకొన్నాడు. చాలాసేపు చూసి, "ఇందుల నీ పేరు ఏడుంది?" అని అడిగాడు. నేను చూపించాను. ఆయన ఆ అక్షరాల మీద వేలు పెట్టి అలాగే నిలుచున్నాడు.

ప్రియులారా, దూరం పోయి వచ్చి మనసు కుదుటపడక కుమిలిపోయే బిడ్డలు మీ ఇండ్లలో ఉంటే వారిని కసరకండి, వారి తలపై చేయి పెట్టి ప్రార్థించండి. అటువంటి విద్యార్థి ఎవరైనా ఇక్కడే ఉంటే, తమ్ముడా, చెల్లెమ్మా, నీ అలసటను దాచకు, ఉన్నదున్నట్లు ప్రభువుతో చెప్పుకో. నన్ను నిలిపినవాడు నిన్నును నిలుపును. ఆయన కృపకు వేలాది స్తోత్రములు, ఆమేన్.